మోదుగుపూలలో తుపాకులు

బూర్గంపాడు సెంటర్లో మధ్యాహ్నం పూట ఆటో ఆగితే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ రోజు మాత్రం అందరూ చూశారు. చూసి, చూడనట్టే ఎవరి దారిన వాళ్లు జారుకున్నారు.

ఆటోలోంచి దిగిన అమ్మాయి చేతిలో గోనెసంచి ఉంది. సంచి మూతిలోంచి తుపాకి గొట్టం ఒకటి ఊరు చూద్దామన్నట్టు బయటికి తొంగి చూస్తోంది. ఆమె కిరాయి ఎంతని అడిగేలోపే ఆటో అతను "మళ్ల తీసుకుంట మేడం" అని బండి మలిపాడు. బస్టాండు దాటేదాకా అద్దంలో కూడా వెనక్కి చూడలేదు.

ఆమె నేరుగా 'చందర్ ఆర్ట్స్' అని రాసి ఉన్న రేకుల షెడ్డులోకి వచ్చి బల్ల మీద సంచి బోర్లించింది. దడదడా తుపాకులు పడ్డాయి. ఎదురుగా టీ బండి దగ్గర హాతీరాం రెండు చేతులూ పైకెత్తేశాడు. ఒక చేతిలో టీ వడగట్టే జాలీ ఉంది. అందులోంచి టీ మోచేతి దాకా కారుతోంది. అయినా దించలేదు.

షెడ్డులో చందర్ ఒక ట్రాక్టర్ ట్రాలీ వెనక 'హారన్ కొట్టు' అని రాస్తున్నాడు. 'కొ' దాకా వచ్చాడు. కుంచె అక్కడే ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు మెల్లగా. "మాది చిన్న షాపు. గల్లాల ఏం లేదు."

"దోచుకోనీకి రాలే. పెయింట్ ఏపియ్యనీకి వచ్చిన."

"తుపాకులకా?"

"బొమ్మ తుపాకులు. ఎయిర్‌సాఫ్ట్ అంటరు. లోపల ప్లాస్టిక్ గోలీలు ఉంటయ్, బఠాణీ గింజంత. నమ్మకపోతే మీ కాలు మీద కాల్చి చూపిస్త."

"వద్దు మేడం. నమ్మిన."

"ముందుగాల అక్కా అన్నరు. ఇప్పుడు మేడం అంటున్నరు."

"ముందు దొంగలనుకున్న."

"దొంగలైతే అక్కనా?"

"ప్రాణం మీదికొస్తే ఎవరైనా అక్కనే మేడం."

ఆమెకు నవ్వొచ్చింది. కానీ పని మీద వచ్చినప్పుడు నవ్వితే పని పలచబడుతుందని పెదవి బిగబట్టింది. అప్పుడు కుడి బుగ్గ మీద ఒక్క సొట్ట పడింది. ఎడమ బుగ్గకు ఆ అదృష్టం లేదు. చందర్ అది చూశాడు. చూడాల్సినంత కంటే కొంచెం ఎక్కువే చూశాడు.

ఆమె పేరు శోభారాణి. పోలీసు శాఖలో ఏ.ఎస్.ఐ.గా రిటైరైన బాలకృష్ణ గారి ఒక్కగానొక్క కూతురు. పర్ణశాల పోయే తోవలో, అడివి అంచున వాళ్లకు పట్టా భూమి ఉంది. సగానికి పైగా మోదుగుచెట్లే. పత్తి వేస్తే పందులు, మిర్చి వేస్తే కోతులు. విసుగొచ్చి తండ్రీకూతుళ్లు దానికి కంచె వేసి, ఖమ్మం కోచింగ్ కాలేజీల పిల్లలు శని ఆదివారాల్లో వచ్చి యుద్ధం ఆట ఆడుకునేలా మైదానం తయారుచేశారు. హోళీకి మొదటి ఆట.

"తుపాకులు అన్నీ నల్లగ వచ్చినయ్," అంది శోభారాణి. "పిల్లలకు ఫోటోలల్ల కమాండోల లెక్క కనబడాలె. ఒళ్లంతా ఆకుపచ్చ, మట్టి రంగు, ఖాకీ, మచ్చలు మచ్చలుగ. మూతికి మాత్రం నారింజ రంగు. అది మా నాన్న ఆర్డరు. మూతి నారింజ ఉంటెనే దూరం నుంచి చూసినోళ్లకు బొమ్మది అని తెలుస్తది. లేకపోతే అడివి పక్కన తలకాయ నొప్పి."

"అయితది మేడం."

"ఆకుపచ్చ అంటే ఏదో ఒక ఆకుపచ్చ కాదు. ఇగో, ఈ చున్నీ ఉన్నది చూడున్రి, గిట్లుండాలె."

చందర్ చున్నీని చూశాడు. వేళ్లతో అంచు పట్టుకుని చూశాడు. "బట్ట మంచిది మేడం. కాటనా?"

"రంగు అడుగుతున్న."

"రంగుకేమైంది మేడం. రంగు రంగే."

ఆమె వీడేం మనిషి అన్నట్టు చూసి, ముందొక తుపాకి నమూనా చేసి చూపించమని చెప్పి వెళ్లిపోయింది. అప్పుడు గానీ హాతీరాం చేతులు దించలేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చందర్‌కు ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. ఖమ్మం యార్డులో మిర్చి కుప్పలు చూసి అందరి కళ్లూ జిగేలుమంటే, వాడికవి ఎండుగడ్డి వాముల్లా కనిపించాయి. వాళ్ల నాన్న సారయ్య మణుగూరులో బొగ్గుబాయి కార్మికుడు. మోకాళ్లు అరిగి ఉద్యోగం దిగేటప్పుడు, తన బదులు కొడుకును ఎక్కిద్దామనుకున్నాడు. దవాఖానాలో మెడికల్ టెస్టుకు తీసుకుపోతే డాక్టరు చుక్కల బొమ్మ ఒకటి ముందు పెట్టి, ఇందులో ఏ అంకె ఉందని అడిగాడు. చందర్ చాలాసేపు చూసి "ఇంకా రాయలే సార్" అన్నాడు.

సారయ్య డాక్టరుతో వాదించాడు. "బాయిల అంతా నలుపే కద సార్. రంగులతోని ఏం పని?"

"సిగ్నల్ లైట్లు ఉంటయ్ పెద్దాయనా."

ఉద్యోగం పోయింది. అంతవరకు సారయ్య ఓర్చుకున్నాడు. ఆ తర్వాత కొడుకు చేసిన పనికే ఓర్చుకోలేకపోయాడు. రంగులు కనబడవని ఇంటికి పంపిస్తే, వాడు పోయి రంగుల షాపు పెట్టాడు. చేతిలో గీత ఉంది, వెలుగునీడలు పట్టడంలో వాడిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఎరుపు పచ్చల సంగతి మాత్రం తల్లి బతుకమ్మ చూసుకునేది. కలిపిన రంగులన్నీ పాత డబ్బాల్లో పోసి, ఎరుపు జాతి అంతా వాకిలి దిక్కు, పచ్చ జాతి అంతా గోడ దిక్కు పేర్చేది. ఆమె రంగులకు పేర్లు కూడా వంటింటివే. తోటకూర రంగు, ముదురు బీరకాయ రంగు, కందిపప్పు రంగు. చందర్ ఏ డబ్బా ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెయ్యి పెట్టేవాడు. గిరాకీ ఎవరైనా "ఇదేం రంగు?" అంటే స్వామీజీలాగా "మీకెట్ల కనబడుతుంది?" అనేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

నమూనా తుపాకి కోసం చందర్ మోదుగు తోటకే పోయాడు. తుపాకి ఏ చెట్ల మధ్య దాక్కోవాలో ఆ నీడలు చూసుకోవాలని చెప్పాడు. అది నిజమే. శోభారాణి తోడొచ్చింది. అది ఇంకా నిజం.

"టేకాకు పెట్టి స్ప్రే కొడితే పెద్ద మచ్చ పడ్తది. తుపాకి మీద దుప్పటి కప్పినట్టుంటది," అన్నాడు నడుస్తూ. "తునికాకు సరిపోతది. దాని మీద మళ్ల చేపల వల చుట్టి కొడితే పాము చర్మం లెక్క వస్తది. ముందుగాల గరుకు కాయితంతోని రుద్దాలె. లేకపోతే పెయింట్ నిలవదు. ఆఖర్ల మెరుపు లేని లక్కరు పూత. మెరిస్తే దొరికిపోతరు."

"ఇన్ని మాటలు వస్తయా మీకు? షాపుల ఒక్క మాట అడిగితే స్వామీజీ అయిపోతరు."

"పని గురించి అయితే వస్తయ్."

"మరి మనుషుల గురించి?"

చందర్ తునికాకు కోస్తున్నట్టు చెట్టు వెనక్కి పోయాడు. ఆ చెట్టు తునికి చెట్టు కాదు.

నమూనా తుపాకి అదిరింది. బాలకృష్ణ గారు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "సర్వీసుల ఉన్నప్పుడు ఇట్లాంటిది ఒక్కటి నా చేతికి రాలే" అన్నారు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే. మిగతావన్నీ చెయ్యమన్నారు.

అప్పటి నుంచి శోభారాణి ఏదో ఒక సాకుతో స్కూటీ మీద గోదారి దాటి షాపుకు రావడం మొదలుపెట్టింది. తుపాకి పట్టీలు ఇవ్వడానికి ఒకసారి, ఇచ్చిన పట్టీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడానికి ఒకసారి. 'మీరు' నుంచి 'నువ్వు'కు ఎప్పుడు దిగారో ఇద్దరికీ తెలియదు. హాతీరాంకు తెలుసు. టీ అడక్కుండానే రెండు పంపించేవాడు.

ఒకరోజు కాలం కాని కాలంలో వాన పడింది. రేకుల మీద బొబ్బర్లు పోసినట్టు చప్పుడు. ఇద్దరూ లోపలే ఇరుక్కుపోయారు. ఆమె కొత్త డ్రెస్ వేసుకొచ్చింది.

"ఎట్లున్నది?"

"కుట్టు మంచిగున్నది."

"రంగు?"

"అంచు గూడ మంచిగ మడిచిండ్రు."

"నేను టైలర్ పేరు అడగలే చందర్. ప్రతిసారి కొత్తది ఏసుకొని వస్తున్న. ఎర్రది, పచ్చది, మళ్ల ఎర్రది. ఒక్కనాడన్న ఈ రంగు నీకు మంచిగున్నది అన్నవా? తుపాకుల మీద పడ్డ చూపు మనుషుల మీద పడదా నీకు?"

చందర్‌కు గొంతు దాకా వచ్చింది. చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే ఆమె కోపం మరిచిపోయి ఇంకో ముచ్చట ఎత్తుకుంది.

"మొన్న మా క్యాంటీనుకు వంటాయనను పెట్టినం. తీరా చూస్తే ఆయనకు వాసన తెల్వదట. సాంబారు మాడుతుంటే పర్ణశాల దాకా తెలిసింది, ఆయనకు తప్ప. మా నాన్న అదే పూట సంచి చేతికిచ్చి పంపించిండు." ఆమె నవ్వింది. "వాసన తెల్వనోడు వంటకు ఎందుకొచ్చిండో."

చందర్ తెరిచిన నోరు మూసుకున్నాడు. వాసన తెలియని వంటవాడికే సంచి ఇచ్చి పంపిస్తే, రంగు తెలియని పెయింటర్‌కు ఏమిస్తారో ఊహించుకున్నాడు. పని పోతే పోయింది. ఈ సొట్టబుగ్గ మళ్లీ గోదారి దాటి రాదు. వాడికి భయమల్లా అదే.

హోళీ దగ్గరపడింది. బతుకమ్మ ఆడబిడ్డ కూతురి సీమంతానికని మణుగూరు పోయింది. చందర్ లక్కరు కొనడానికి ఖమ్మం పోయాడు. సరిగ్గా ఆ పూటే శోభారాణి షాపుకొచ్చింది. హాతీరాం దగ్గర తాళం తీసుకుని లోపలికి చూస్తే, అలమార నిండా దుమ్ము, బూజు. పాపం ఒక్కడే ఎంతని చేస్తాడని జాలిపడి, చున్నీ చేతికి తీసుకుంది.

చందర్ తిరిగొచ్చేసరికి అలమార తళతళలాడుతోంది. పెద్ద డబ్బాలు కింద, చిన్న డబ్బాలు పైన, ఫోటో దిగడానికి నిలబడ్డ బడిపిల్లల్లా వరసలో ఉన్నాయి. వాకిలి దిక్కు లేదు, గోడ దిక్కు లేదు.

"మేడం వచ్చింది చందరన్నా," అన్నాడు హాతీరాం. "చున్నీతోని తుడిచింది ఒక్కొక్క డబ్బా. మా ఇంట్ల నాకు నీళ్లు గూడ ఇయ్యరు."

చందర్‌కు సంతోషంతో ఒక కన్ను, భయంతో ఒక కన్ను చెమర్చాయి. ఎల్లుండే ఆట. హాతీరాంకు రెండు డబ్బాలు చూపించి "వీటిల్ల నీకు ఏది నచ్చింది?" అని తెలివిగా అడిగాడు.

"రెండు నచ్చినయ్," అన్నాడు హాతీరాం.

ఇక దిక్కులేక తల్లికి వీడియో కాల్ చేశాడు. అక్కడ సీమంతం మంచి ఊపు మీద ఉంది. వెనక పాటలు, ముందు గాజుల చప్పుడు. మట్టి రంగు, ఖాకీ ఎలాగో తేలాయి. చివరకు రెండు డబ్బాలు మిగిలాయి. చందర్ చేతికొకటి పట్టుకుని ఫోన్ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, పచ్చ ఏది? నారింజ ఏది?"

"ఆఁ? ఎడమ దిక్కుది ఆకుపచ్చ బిడ్డా. తోటకూర రంగు. కుడి దిక్కుది నారింజ. పెట్టేస్తున్న, హారతి ఇస్తున్నరు."

ఆమె తన ఎడమ చెప్పింది. వాడు తన ఎడమ విన్నాడు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికి ఎడమలు వేరువేరని ఆ గోలలో ఎవరికీ తట్టలేదు.

చందర్ షెడ్డు ముందు టార్పాలిన్ దించేశాడు. ఆ రోడ్డు మీద లారీల దుమ్ము అంతాఇంతా కాదు, తడి పెయింట్ మీద పడితే తుపాకికి గజ్జి లేచినట్టు ఉంటుంది. అందుకని వాడు ఏం చేస్తున్నాడో హాతీరాం కూడా చూడలేదు. గరుకు కాయితం పట్టాడు, తునికాకులు అద్దాడు, వల చుట్టాడు, స్ప్రే కొట్టాడు. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదనుకున్నాడు. ఆరాక ఒక్కొక్కటీ న్యూస్ పేపరులో చుట్టి, ఆదివారం పొద్దున్నే మోదుగు తోటకు తీసుకుపోయాడు.

కోచింగ్ కాలేజీ పిల్లలు బస్సు దిగి నిలబడి ఉన్నారు. బాలకృష్ణ గారు విజిల్ మెడలో వేసుకుని ఉన్నారు. శోభారాణి గర్వంగా మొదటి పొట్లం విప్పింది.

ఆమె రెండోది విప్పింది. మూడోది విప్పింది. ఒక పిల్లవాడు పక్కవాడితో గుసగుసగా అన్నాడు, "అరేయ్, క్యారెట్లురా."

ఒళ్లంతా నారింజ. మధ్యమధ్య మట్టి రంగు, ఖాకీ మచ్చలు. మూతి ఒక్కటే ఆకుపచ్చ.

చందర్ అందరి ముఖాలూ చూశాడు. ఏదో జరిగింది. ఏం జరిగిందో తుపాకులు చూస్తే తెలియట్లేదు, వాడికవి బ్రహ్మాండంగానే ఉన్నాయి. "ఫినిషింగ్ మంచిగనే వచ్చింది కద?" అన్నాడు.

"ఇదేం రంగురా?" అన్నారు బాలకృష్ణ గారు.

నోటికి అలవాటైన మాట జారిపోయింది. "మీకెట్ల కనబడుతుంది సార్?"

"నాకైతే నీ వీపు ఎర్రగ కనబడుతుంది."

శోభారాణి వాడిని పక్కకు లాక్కుపోయింది. ఆమె గొంతులో కోపం కంటే వేరేదేదో ఎక్కువ ఉంది.

"వాన పడ్డనాడు నేను అన్న మాటకు కోపమొచ్చిందా? కోపముంటే నన్ను తిట్టు. మా నాన్న ముందల, ఇంతమంది ముందల నన్ను నవ్వులపాలు చేస్తవా?"

"కాదు..."

"మరేంది? చెప్పు."

చెబితే సంచి. చెప్పకపోతే కోపం. కోపమైతే ఎప్పటికైనా తగ్గుతుందని లెక్కవేసుకున్నాడు. "కొత్త ఫ్యాషన్ మేడం."

"మళ్ల మేడమా," అంది ఆమె. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ నడక చూస్తే ఆ కోపం తగ్గే రకం కాదని వాడికి అర్థమైంది.

పిల్లలు డబ్బు కట్టి వచ్చారు కాబట్టి ఆట ఆపడానికి లేదు. ఆటలో నియమం ఒకటే. గోలీ తగిలినవాడు చచ్చినట్టు లెక్క. చచ్చినవాడు తుపాకి అక్కడే కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి బయటికి రావాలి. చేతిలో తుపాకి ఉంటే చచ్చినవాళ్లు మళ్లీ కాలుస్తారని బాలకృష్ణ గారు పెట్టిన రూలు. పిల్లలు హుషారుగా కాల్చుకున్నారు, హుషారుగా చచ్చారు. సాయంత్రం విజిల్ పడేసరికి అందరూ బయట ఉన్నారు, తుపాకులన్నీ లోపల ఉన్నాయి.

ఏరుకొద్దామని లోపలికి పోయారు. ఒక్క తుపాకి కనపడలేదు.

మోదుగు తోటలో అది పూల కాలం. చెట్ల మీద ఆకు లేదు, కింద నేల లేదు. అంతా పూలే, నారింజ మంట పరిచినట్టు. మధ్యలో మట్టిరంగు ఎండుటాకులు, అక్కడక్కడా ఖాకీ రంగు గడ్డి. చందర్ తుపాకులు ఆ నేలను చూసి వేసినట్టే ఉన్నాయి. పైన గాలి వీచినప్పుడల్లా ఇంకో నాలుగు పూలు రాలి వాటి మీద దుప్పటి కప్పుతున్నాయి. పిల్లలు పాకుతూ వెతికారు, తొక్కుతూ వెతికారు. ఒకడు ఒక మోదుగు కొమ్మను పట్టుకొచ్చి దొరికిందన్నాడు.

బాలకృష్ణ గారు కంచె దాకా పోయి చూశారు. కంచె అవతల అడివి. "తెల్లారి ఇప్పపూలకు వచ్చే ఆడోళ్లకు దొరికితే? మూతికి నారింజ గూడ లేకపాయె. నిజం తుపాకి అనుకొని ఊరంతా లేస్తది. నేనే స్టేషన్‌కు పోయి నా మీద నేనే కేసు రాసుకోవాలె."

గేటు దగ్గర నిలబడ్డ చందర్ లోపలికి వచ్చాడు. రెండడుగులు వేసి వంగి ఒక తుపాకి తీశాడు. అటు తిరిగి ఇంకొకటి. వంకాయలు కోసినట్టు ఒక్కొక్కటీ తీసి చంకలో పెట్టుకుంటూ పోతున్నాడు. పిల్లలు వెతకడం మానేసి వాడి వెనకే నడిచారు.

బాలకృష్ణ గారిలోని పోలీసు లేచి కూర్చున్నాడు. "ఆగు. ఎక్కడెక్కడ ఉన్నయో నీకు ముందే తెలుసా?"

"లేదు సార్."

"మాకెవ్వరికి కనబడనియి నీకెట్ల కనబడుతున్నయ్? పొద్దుగాల రంగు మార్చినవ్, ఇప్పుడు నువ్వే ఏరుతున్నవ్. ఏంది నీ ప్లాను?"

చందర్ శోభారాణి వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. వాడికి ఇక దాచుకోవడానికి ఏం మిగిలిందనిపించింది.

"మీకు పూలు కనబడుతున్నయ్ సార్. నాకు కనబడవు. అందుకే తుపాకులు కనబడుతున్నయ్."

"సరిగ చెప్పు."

"నాకు ఎరుపు, పచ్చ, నారింజ అన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్. మీరు రంగు చూసి మోసపోతున్నరు. నాకు రంగు లేదు, గొట్టం తిన్నగ ఉన్నది, అదే కనబడుతుంది. పూలల్ల తిన్నటి గీత ఉండదు కద సార్. మా అమ్మ డబ్బాలు సర్ది పెడ్తది. ఈసారి ఎడమ కుడి మారినయ్. ఫ్యాషన్ అని అబద్ధం చెప్పిన. తప్పయింది."

పిల్లల్లో ఒక్కడూ నవ్వలేదు. క్యారెట్లన్నవాడైతే తల దించుకున్నాడు.

శోభారాణి ముందుకొచ్చింది. "డబ్బాలు సర్ది పెడ్తదా? అంటే నేను తుడిచి పెట్టిన డబ్బాలు..."

"మంచిగనే పెట్టినవ్. చానా మంచిగున్నయ్."

"వాన పడ్డనాడు చెప్పొచ్చు కద."

"చెప్దామనుకున్న. నువ్వు వంటాయన ముచ్చట చెప్పినవ్."

ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది, నెమ్మదిగా అన్నా వదిలిపెట్టలేదు. "నేను ఎర్రది ఏసుకున్న, పచ్చది ఏసుకున్న. మా పిన్ని కూతురి డ్రెస్ అడుక్కొని గూడ ఏసుకున్న. ఆరుసార్లు గోదారి దాటిన. నీకు అన్నీ ఒక్కటే డ్రెస్ లెక్క కనబడ్డదా?"

"డ్రెస్ అయితే ఒక్కటే," అన్నాడు చందర్. "మనిషివే రోజుకో తీరుగ ఉన్నవ్. కోపం దాచుకుంటే కనుబొమ్మ ఒకటి లేస్తది. నవ్వు దాచుకుంటే కుడి బుగ్గల సొట్ట పడ్తది. ఎడమ దిక్కు పడదు. అవి ఏ రంగో నాకు అక్కర పడలే."

ఆ సొట్ట వెంటనే పడింది. దాచుకుందామని ఆమె తల తిప్పింది గానీ, తిప్పినవైపు వాళ్ల నాన్న ఉన్నాడు.

బాలకృష్ణ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి గొంతు సవరించుకున్నారు. "వంటాయన సాంబారు మాడబెట్టిండు కాబట్టి పంపించిన. నువ్వు మాడబెట్టింది గూడ మంచిగనే ఉన్నది. పూలు రాలినన్ని దినాలు గివే ఉండనియ్. మూతి మాత్రం ఇప్పుడే మార్చు. డబ్బా మా పిల్ల చూపిస్తది. ఎడమ కుడి అనకుండ చేతికిస్తది."

అన్నీ ఏరి బల్ల మీద పెట్టి చూస్తే ఒకటి తక్కువొచ్చింది. చీకటి పడింది. "రేపు వెతుకుదాం తియ్" అంది శోభారాణి.

మర్నాడు చందర్ వచ్చాడు. వెతికారు. దొరకలేదు. ఆ మర్నాడూ వచ్చాడు. పొద్దుగూకేదాకా చెట్ల మధ్య తిరిగారు. మెల్లగా తిరిగితేనే దొరుకుతుందని ఆమె అంటే, వాడూ అంతేనన్నాడు. తోటలో పూలన్నీ వాడిపోయి నల్లబడ్డాయి. తర్వాత ఎండి దుమ్మయ్యాయి. చెట్లకు కొత్త ఆకులొచ్చాయి. నేల మీద తుపాకి కాదు గదా, సూది పడినా కనపడేంత శుభ్రంగా ఉంది. వీళ్లు మాత్రం వెతకడం మానలేదు. హాతీరాం రోజూ సాయంత్రం ఫ్లాస్కులో టీ పోసి ఇస్తూ, "ఇంకా దొరకలేదా చందరన్నా? దొరకొద్దులే" అని దీవించి పంపించేవాడు.

ఒకరోజు బాలకృష్ణ గారు పచ్చిమిరపకాయలకని కూతురి స్కూటీ తీశారు. సంచి పెడదామని సీటు ఎత్తారు. సీటు కింద నారింజ రంగు పొట్టి తుపాకి, పట్టీతో సహా, హాయిగా పడుకుని ఉంది.

ఆయన మిరపకాయల సంగతి మరిచిపోయారు. వరండాలో రెండు కుర్చీలు వేయించి ఇద్దరినీ కూర్చోబెట్టారు. తుపాకిని మధ్యలో బల్ల మీద పెట్టారు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు. ముప్పై ఏళ్ల సర్వీసు ఆ నడకలో కనిపించింది.

"ఇది ఎక్కడ దొరికిందో ఎవరు చెప్తరు?"

శోభారాణి నేల చూసింది. "మొదటినాడే దొరికింది నాన్న. నేనే సీటు కింద పెట్టిన. చెప్పుడు మరిచిన."

"ఇన్ని దినాలు మరిచినవా?"

"రోజు గుర్తు చేసుకొని మరిచిన."

"ఆమెను అనకున్రి సార్," అన్నాడు చందర్. "నాకు గూడ తెలుసు."

శోభారాణి గిర్రున తిరిగింది. "నీకు తెలుసా? ఎప్పటి సంది?"

"మొదటినాటి సంది. సీటు సందుల నుంచి గొట్టం తిన్నగ కనబడుతుండె."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు వెతుకుదాం అన్నవు కద."

బాలకృష్ణ గారు నడక ఆపారు. నవ్వు వచ్చే ముందు ఆయనకు కూడా కుడి బుగ్గ మీదే సొట్ట పడుతుందని చందర్ ఆ రోజు కనిపెట్టాడు. ఆయన వెంటనే ముఖం సీరియస్‌గా పెట్టుకుని ఫోన్ తీశారు.

"మీ నాన్న నంబరు చెప్పు."

అటు బూర్గంపాడు ఇంట్లో సారయ్య ఫోన్ ఎత్తాడు. స్పీకర్ పెట్టి ఉంది కాబట్టి అందరికీ వినపడింది.

"సారయ్య గారా? నేను రిటైర్డ్ ఏ.ఎస్.ఐ. బాలకృష్ణను. మీ వాడు మా దగ్గర దొరికిండు."

"ఏం జేసిండు సార్?"

"తుపాకి కేసు. ఇంకో మనిషి గూడ ఉన్నది ఇందుల. ఇద్దరు నేరం ఒప్పుకున్నరు. జల్దీ రావాలె మీరు."

"ఇప్పుడే బయలెల్తున్న సార్. బెయిలుకు ఏమేం కాయితాలు తేవాలె?"

"కాయితాలు వద్దు. మీ ఇంటామెను తోలుకరాండ్రి. పూలు, పండ్లు తెచ్చుకోండ్రి. వచ్చే ముందల మంచి దినం చూసుకోండ్రి."

అవతల సారయ్య అయోమయంగా ఎవరితోనో అంటున్నాడు, "తుపాకి కేసట, పండ్లు తెమ్మంటున్నడు, ఏం పోలీసోళ్లో ఏమో." ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తర్వాత బతుకమ్మ గొంతు, సంబరం పట్టలేనట్టు, స్పీకర్లోంచి వరండా అంతా నిండిపోయింది.

"అన్నా, పిల్ల పేరేంది?"